నీళ్లు-ఎనర్జీ స్టార్టప్‌లో లీడర్‌షిప్ టీమ్: మా నాలుగో కుర్చీ ఎవరికివ్వాలి?

ఉప్పుగల్లు:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

ముగ్గురం కలిసి కంపెనీ పెట్టి మూడున్నరేళ్లయింది, ఇప్పుడు మొత్తం తొమ్మిది మందిమి. మా పనేంటంటే ఆర్‌ఓ ప్లాంట్ (ఉప్పునీళ్లని ప్రెజర్‌తో సన్నటి పొర గుండా నెట్టి మంచినీళ్లు తీసేది) నుంచి బయటికొచ్చే రిజెక్ట్, అంటే బాగా ఉప్పు చిక్కబడిన నీళ్లు, వాటిని ఫ్యాక్టరీల్లో ఊరికే గాల్లోకి పోయే వేడితో ఇంకా చిక్కబరిచి అందులోంచి మంచినీళ్లు తీయడం. లీటరుకు 70 గ్రాముల ఉప్పు దాటిందంటే మామూలు ఆర్‌ఓకి కష్టమే, కావాల్సిన ప్రెజర్ అంతంత పెరిగిపోతుంది, అక్కణ్ణుంచి మాది మొదలవుతుంది. ఉప్పునీళ్లని 75 డిగ్రీల దగ్గర గాలికి తగిలిస్తాం, గాలి తేమని మోసుకెళ్తుంది, పక్కన చల్లబరిచి ఆ నీళ్లు పడతాం. ఒక క్యూబిక్ మీటర్ నీళ్లు ఆవిరి చేయాలంటే సుమారు 650 యూనిట్ల వేడి కావాలి, అదే సముద్రపు నీళ్ల ఆర్‌ఓ ప్లాంటుకి 3-4 యూనిట్ల కరెంటు చాలు, కాబట్టి వేడి ఊరికే దొరికే చోట, ఆ వేడినే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకోగలిగితేనే మా టెక్నాలజీకి బతుకు. మీది ఎనర్జీ కంపెనీనా వాటర్ కంపెనీనా అని అడుగుతుంటారు, మాకైతే రెండూ విడదీయడం కుదరదు.

టీమ్ సంగతి. నేను సీటీఓని, అంటే టెక్నాలజీ హెడ్‌ని. ల్యాబ్‌లో నాతోపాటు పీహెచ్‌డీ చేసిన ఫ్రెండ్ చీఫ్ సైంటిస్ట్, ఐడియా తనదే, పేటెంట్ల మీద మొదటి పేరు తనదే. మూడో ఫ్రెండ్ ప్రాజెక్ట్ ఫైనాన్స్ నుంచి వచ్చాడు, సీఈఓ. గంటకు 50 లీటర్ల రిగ్ (ల్యాబ్‌లో పెట్టుకున్న చిన్న టెస్ట్ మెషిన్) 14 నెలలుగా నడుపుతున్నాం, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో రోజుకు 20 క్యూబిక్ మీటర్ల పైలట్ ప్లాంటుకి, అంటే నిజమైన చోట నడిపి చూసే ప్లాంటుకి, సంతకమైంది. తర్వాతి రౌండ్‌కి మాట్లాడుతున్న ఇన్వెస్టర్లు మా ప్రజెంటేషన్‌లో లీడర్‌షిప్ స్లైడ్ దగ్గర ఆగిపోయి, పెద్ద కంపెనీ నడిపిన అనుభవమున్న సీఈఓని బయట్నుంచి తెచ్చుకోండి అంటున్నారు. మా సీఈఓ ఫ్రెండ్ పైకి సరే అంటున్నాడు గానీ లోపల బాధ పడుతున్నాడని నాకు తెలుసు.

నేను ఇది రాయడానికి అసలు కారణం వేరే ఉంది. రెండు వారాల క్రితం ఉప్పునీళ్లు వేడి చేసే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో స్కేల్, అంటే నీళ్లలోని ఉప్పులు గట్టిపడిన పొర, పట్టింది. శుక్రవారం సాయంత్రం దానికి అటూ ఇటూ ప్రెజర్ తేడా, మేం డీపీ అంటాం, 0.4 బార్ ఉండాల్సింది 0.7 అయింది. సైంటిస్ట్ ఫ్రెండ్ ఆ రన్ ఆపితే మూడు వారాల డేటా పోతుందంది, సీఈఓ సోమవారం కస్టమర్ చూడ్డానికి వస్తున్నాడు రిగ్ ఆగి ఉంటే ఎలా అన్నాడు, నేను ఇద్దరికీ సర్దిచెప్పి రేపు చూద్దాం అని ఇంటికెళ్లిపోయాను. సోమవారం పొద్దున వచ్చేసరికి 1.6 బార్, ఫ్లో సగానికి పడిపోయింది, కస్టమర్ ముందు ఎక్స్ఛేంజర్ విప్పి కూర్చున్నాం. తర్వాత లాగ్‌బుక్ చూస్తే మా ఈవెనింగ్ షిఫ్ట్ టెక్నీషియన్ శుక్రవారం ఒకసారి, శనివారం రెండుసార్లు "డీపీ పెరుగుతోంది, ఆపమంటారా" అని రాసి పెట్టాడు. మూడుసార్లు. కింద జవాబు రాసే గడి ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ గడి చూసినప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు. మాకు నిజంగా కావాల్సింది కొత్త సీఈఓనా, ఇంకెవరైనానా? ఇలాంటి కంపెనీల్లో పని చేసినవాళ్లు చెప్పండి, నాలుగో మనిషిగా ఎవర్ని తెచ్చుకోవాలి?

కమిషనింగ్‌బాబాయ్:

బాబూ, నీ ప్రశ్నకి జవాబు నీ లాగ్‌బుక్‌లోనే ఉంది. మీ ముగ్గురిలో ప్లాంట్ తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. నువ్వు సీటీఓవి, డ్రాయింగ్ నీది, కానీ శుక్రవారం రాత్రి ఆ మెషిన్ బాగోగులు ఎవరివి అంటే పేరు లేదు.

నేను డీసాలినేషన్ (ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే) ప్లాంట్లు కమిషన్ చేసే పనిలో, అంటే కట్టిన ప్లాంట్‌ని మొదటిసారి నడిపించే పనిలో, 19 ఏళ్లుగా ఉన్నా, అందులో నాలుగేళ్లు ఒక చిన్న కంపెనీతో, పేరొద్దులే. అక్కడ జరిగింది చెప్తా. ఆర్‌ఓలో వాడే పాలీఅమైడ్ పొరలకి క్లోరిన్ అంటే పడదు, తగిలితే పొర తినేస్తుంది, మళ్లీ బాగుపడదు. అందుకని ముందు క్లోరిన్ వేసి నీళ్లు శుభ్రం చేసినా, పొర దగ్గరికి వెళ్లేలోపు సోడియం బైసల్ఫైట్ డోస్ చేసి దాన్ని చంపేస్తాం, క్లోరిన్ మిగిలితే పట్టిచ్చే ఓఆర్‌పీ మీటర్ ఒకటి కాపలా ఉంటుంది, అప్పుడు ప్లాంట్ ట్రిప్ అవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది. ఆ కంపెనీలో ఆ మీటర్ ఊరికూరికే ట్రిప్ చేస్తోందని ఎవరో బైపాస్ పెట్టారు. ఒక రాత్రి డోసింగ్ పంపులో గాలి పట్టి బైసల్ఫైట్ ఆగిపోయింది. పొద్దునకి రీడింగులు బానే ఉన్నాయి, అదే మోసం, క్లోరిన్ దెబ్బ అప్పటికప్పుడు కనపడదు, తర్వాత పది రోజుల్లో మంచినీళ్ల వైపు ఉప్పు రెట్టింపైంది. పొరలన్నీ మార్చాల్సొచ్చింది. మీటింగ్ పెట్టి బైపాస్ ఎవరు పెట్టారు అంటే ఎవరూ మాట్లాడలేదు, ఎవరి పర్మిషన్‌తో పెట్టాలి అంటే దానికీ జవాబు లేదు. గొప్ప గొప్ప చదువులు చదివిన నలుగురు ఫౌండర్లు ఆ టేబుల్ చుట్టూ కూర్చుని ఉన్నారు, ఆ నలుగురిలో ఒక్కరు కూడా అంతకుముందు ప్లాంటుకి రాత్రి పూట వచ్చిన మనిషి కాదు.

కాబట్టి నా మాట సూటిగా చెప్తా. నాలుగో కుర్చీ ఆపరేషన్స్ మనిషికి. మీరు పెట్టే టైటిల్ ఏదైనా కానీ, ప్లాంట్లు నడిపి, ఆపి, మళ్లీ లేపిన మనిషి, పది పదిహేనేళ్లు అదే పని చేసినవాడో చేసిన అమ్మాయో కావాలి, అదీ సీటీఓ కింద రిపోర్ట్ చేసే మేనేజర్‌గా కాదు, మీ ముగ్గురితో సమానంగా కూర్చునేట్టు. ఎందుకంటే నీ కిందే ఉంటే నువ్వు సర్దిచెప్పి ఇంటికెళ్లినప్పుడు వాళ్లూ సర్దుకుంటారు. పైలట్ అంటే ల్యాబ్ రిగ్‌ని పెద్దది చేయడం అనుకుంటారు చాలామంది, కాదు, అది వేరే జంతువు. ఫీడ్ నీళ్లు కాలానికి ఒకలా మారతాయి, ఒక పూర్తి ఏడాది చూడందే నీళ్ల స్వభావం తెలియదు. ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు ల్యాబ్‌లో అద్దంలా ఉంటుంది, ఉప్పులోని క్లోరైడ్ అంత చిక్కగా, వేడిగా తగిలితే ఫ్లాంజ్ సందుల్లో, అంటే పైపులు బిగించే అతుకుల దగ్గర, వారాల్లోనే గుంటలు పడుతుంది. మీ మెటీరియల్ సెలెక్షన్ ఎవరు చేశారో ఈరోజే అడిగి తెలుసుకో.

ఆ టెక్నీషియన్ పిల్లాడికి ముందు వెళ్లి సారీ చెప్పు. అదింకా చేయకపోతే ఇది చదవడం ఆపి వెళ్లు.

పొరలపిచ్చి:

బాబాయ్ గారి మాటతో చాలావరకు ఒప్పుకుంటా గానీ ఒక భయం ఉంది నాకు. ఇలాంటి డిస్కషన్లలో చివరికి సైంటిస్ట్‌ని పక్కన పెట్టేయడం జరుగుతుంది, వాళ్లకి డేటా పిచ్చి, బిజినెస్ తెలీదు, ప్లాంట్ తెలీదు అని. చరిత్ర చూస్తే అలా లేదు. లోబ్, సూరిరాజన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో 1960 ప్రాంతంలో పనికొచ్చే మొదటి ఆర్‌ఓ పొర చేశారు, ఆ తర్వాత 1965లో కాలిఫోర్నియాలోని కొయలింగా అనే చిన్న ఊళ్లో ఉప్పదనమున్న బోరునీళ్ల మీద ప్లాంట్ పెట్టి నడిపింది ఆ యూనివర్సిటీ టీమే. పొర తయారుచేసినవాళ్లే నీళ్ల దగ్గరికి వెళ్లారు, అక్కడ నేర్చుకున్నారు. అదే లోబ్ 1970ల్లో ఇంకో ఆలోచన చేశాడు, మంచినీళ్లు ఉప్పునీళ్లు కలిసే చోట పుట్టే ప్రెజర్‌తో కరెంటు తీయొచ్చని. నీళ్లూ ఎనర్జీ ఒకే బుర్రలో ఉన్న మనిషి ఆయన.

మీ చీఫ్ సైంటిస్ట్ రన్ ఆపొద్దు అన్నారంటే ఆవిడకి మెషిన్ మీద ప్రేమ లేక కాదు, 0.7 బార్ అంటే రాత్రికి ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు కాబట్టి. కాల్షియం సల్ఫేట్ వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది, ఇది ఆవిడకి నాకంటే బాగా తెలిసే ఉంటుంది, కానీ కాగితం మీద తెలియడం వేరు, ప్లేట్ విప్పి గీకడం వేరు. ఆవిడని పైలట్ దగ్గర నెల రోజులు షిఫ్ట్ చేయమనండి. కుర్చీలు పెంచే ముందు ఆ పని చేయండి అంటా నేను.

రెండోకంపెనీ:

తమ్ముడూ, ఇన్వెస్టర్లు అడిగే సీఈఓ గురించి నేను చెప్తా, ఎందుకంటే నా మొదటి కంపెనీ అక్కడే విరిగింది. బ్యాటరీ స్టోరేజ్ మీద పని చేసేవాళ్లం, అప్పటికి 12 మందిమి. బోర్డు ఒత్తిడి మీద పెద్ద కంపెనీలో వేల మందిని నడిపిన ఒకాయన్ని సీఈఓగా తెచ్చుకున్నాం, మంచి మనిషే, తప్పు ఆయనది కూడా కాదు. వచ్చిన మొదటి వారం ఆయన అడిగింది ప్రొక్యూర్‌మెంట్ డిపార్ట్‌మెంట్ రిపోర్ట్ పంపమని. మా ప్రొక్యూర్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అంటే నేను, నా ఫోన్. ఆయనకి తెలిసిన నడక అంతా కింద మనుషులు ఉన్నప్పుడు పనికొచ్చే నడక, మాకు కింద ఎవరూ లేరు. 11 నెలలకి ఆయన వెళ్లిపోయాడు, ఈలోపు ఫౌండర్లం ముగ్గురం ఒకరితో ఒకరం నేరుగా మాట్లాడుకోవడం మానేసి ఆయన ద్వారా మాట్లాడుకునే స్థితికి వచ్చాం, అది మళ్లీ అతకలేదు. ఇప్పటికీ తల్చుకుంటే బాధే.

బయటివాళ్లు వద్దు అని నేననట్లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ పనికి అన్నదే అసలు సంగతి. అమెరికాలో ఫార్మ్ ఎనర్జీ అనే కంపెనీ చూడు, 2017లో పెట్టారు, ఐరన్-ఎయిర్ బ్యాటరీతో 100 గంటల స్టోరేజ్ చేస్తున్నారు. సీఈఓ మతేయో హరమియ్యో అంతకుముందు టెస్లాలో స్టోరేజ్ బిజినెస్ కట్టిన మనిషి, సైన్స్ వైపు ఎంఐటీ ప్రొఫెసర్ యెట్-మింగ్ చియాంగ్, ఆయన 2001లో ఏ123 సిస్టమ్స్ అనే బ్యాటరీ కంపెనీ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు, ఆ కంపెనీ 2012లో దివాలా తీయడం కూడా చూసినవాడు. అంటే మొదటి రోజు నుంచీ ఒకరికి మార్కెట్ తెలుసు, ఇంకొకరికి కెమిస్ట్రీతో పాటు దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో తెలుసు. మూడేళ్ల తర్వాత స్లైడ్ కోసం అతికించుకుంటే ఆ కలయిక రాదు.

ఇంకో ఉదాహరణ నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది, ఆంబ్రి. 2010లో ఎంఐటీ నుంచి పుట్టింది, లిక్విడ్ మెటల్ బ్యాటరీ, సుమారు 500 డిగ్రీల దగ్గర నడిచే సెల్. ప్రపంచమంతా వాళ్ల కెమిస్ట్రీ గురించే మాట్లాడింది. 2015లో వాళ్లని ఆపింది కెమిస్ట్రీ కాదు, సీల్. ఆ వేడికి గాలి చొరబడకుండా సెల్‌ని మూసి ఉంచే సీల్ అనుకున్నట్టు నిలవక పావు వంతు మందిని తీసేయాల్సొచ్చింది. తర్వాత కోలుకున్నారు, మళ్లీ పెట్టుబడి తెచ్చుకున్నారు, చివరికి 2024లో దివాలాకి వెళ్లారు. మీ లీడర్‌షిప్‌లో సీల్ గురించి, గాస్కెట్ గురించి, వెల్డ్ గురించి రాత్రి ఆలోచించేది ఎవరు? ఆ ప్రశ్నకి పేరు లేకపోతే కమిషనింగ్‌బాబాయ్ గారు చెప్పిందే రైటు.

మీ సీఈఓ ఫ్రెండ్ విషయం. ఆయన్ని మార్చేస్తున్నాం అని ఇన్వెస్టర్ నోటి వెంట వినకూడదు, మీ ఇద్దరి నోటి వెంటే ఏదైనా వినాలి. ముగ్గురూ కూర్చుని ఏ నిర్ణయం ఎవరిదో రాసుకోండి, జీతాల నుంచి కస్టమర్‌కి ఇచ్చే డేట్ దాకా. కస్టమర్‌కి డేట్ చెప్పే హక్కు సీఈఓది, కానీ ఆ డేట్‌కి మెషిన్ నడుస్తుందని చెప్పే హక్కు ఆయనది కాదు. ఇది రాసుకోకపోతే ఎంత గొప్పవాళ్లని తెచ్చినా అదే శుక్రవారం మళ్లీ వస్తుంది. షేర్ల వెస్టింగ్, అంటే ఏళ్లు గడిచేకొద్దీ వాటా కొంచెం కొంచెంగా సొంతమయ్యే ఏర్పాటు, అది కూడా ఒకసారి చూసుకోండి, నాలుగేళ్లది అయితే మీకింకో ఆర్నెల్లే మిగిలింది, తర్వాత ఎవరైనా వెళ్లిపోతే వాటా మొత్తం పట్టుకుపోతారు, కొత్త మనిషికి ఇవ్వడానికి ఏం మిగలదు.

ఉప్పుగల్లు:

అక్కా, బాబాయ్, అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. టెక్నీషియన్‌కి ఈరోజు పొద్దున సారీ చెప్పాను. అతను అన్నది ఒకటే మాట, "సార్, నాకు ఆపే పర్మిషన్ ఉందో లేదో తెలీక ఊరుకున్నా, ఉందనుకుంటే శనివారమే ఆపేవాణ్ణి." ఆ మాట విన్నాక ఏం మాట్లాడాలో తోచలేదు.

పొరలపిచ్చి గారూ, మీ మాట మా సైంటిస్ట్‌కి చూపించాను, తనే షిఫ్ట్‌కి వస్తానంది, నెల కాదు రెండు నెలలు అంది.

ఇంకో సందేహం. ఆపరేషన్స్ మనిషిని తెచ్చుకుంటే ఇన్వెస్టర్లకి ఏం చెప్పాలి? వాళ్లు అడిగింది ఒకటి, మేం చేస్తున్నది ఇంకొకటి అని అనుకోరా? రౌండ్ పోతే జీతాలకి ఏడు నెలలే ఉంది.

లెక్కలుచూసేవాణ్ణి:

నేను అవతలి వైపు మనిషిని, ఇలాంటి కంపెనీల్లో డబ్బు పెట్టే ముందు వాటి టెక్నికల్ రిపోర్ట్ రాస్తుంటాను. మా వాళ్లు సీఈఓని తెచ్చుకోండి అన్నప్పుడు చాలాసార్లు దానర్థం "మాకు ఏదో భయంగా ఉంది, దేని గురించో సరిగ్గా చెప్పలేకపోతున్నాం" అని. కాబట్టి ఎదురు అడగండి, ఏ రిస్క్ తగ్గుతుందని కొత్త సీఈఓ కావాలంటున్నారు అని. అమ్మకాల భయమా, పైలట్ నడవదన్న భయమా, మీ ముగ్గురూ విడిపోతారన్న భయమా. ఒక్కోదానికి మందు వేరు.

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. 2006 నుంచి 2011 దాకా వెంచర్ క్యాపిటల్ క్లీన్‌టెక్‌లో 25 బిలియన్ డాలర్ల పైన పెట్టి సగానికి పైగా పోగొట్టుకుంది, 2016లో ఎంఐటీ వాళ్ల స్టడీలో ఈ లెక్క వచ్చింది. ఎక్కువ దెబ్బతిన్నవి కొత్త మెటీరియల్స్, కొత్త కెమిస్ట్రీ, కొత్త ప్రాసెస్ మీద కట్టిన కంపెనీలే, అంటే మీలాంటివి. సాఫ్ట్‌వేర్‌లో పనికొచ్చిన టైమ్ టేబుల్ ఇక్కడ పెట్టారు, ఇక్కడ అది నడవదు. కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ డీసాలినేషన్ ప్లాంట్ 1998లో మొదలైన ప్రయత్నం, నీళ్లు ఇచ్చింది 2015 డిసెంబర్‌లో, అదీ కొత్త టెక్నాలజీ కూడా కాదు, మామూలు ఆర్‌ఓ. పర్మిట్లు, కేసులు, కాంట్రాక్టులు, వీటన్నిటికీ ఓర్చుకునే టీమ్ కావాలి. అందుకే ప్రాజెక్ట్ ఫైనాన్స్ నుంచి వచ్చిన మీ సీఈఓ నా కంటికి మైనస్ కాదు, పెద్ద ప్లస్. పెర్ఫార్మెన్స్ గ్యారంటీ అంటే ఏంటో, అది తప్పితే కట్టాల్సిన పెనాల్టీ ఏంటో తెలిసిన ఫౌండర్లు నాకు చాలా తక్కువమంది కనపడ్డారు.

పొరలపిచ్చి గారు లోబ్ రెండో ఆలోచన ఎత్తారు కాబట్టి దాని తర్వాతి కథ కూడా చెప్పాలి. దాన్ని నార్వేలో స్టాట్‌క్రాఫ్ట్ అనే కరెంటు కంపెనీ నిజంగా కట్టి చూసింది, 2009లో టోఫ్టే దగ్గర ప్రపంచంలోనే మొదటి ఆస్మాటిక్ పవర్ ప్రొటోటైప్. చదరపు మీటర్ పొరకి 5 వాట్లు వస్తే గిట్టుబాటని వాళ్లు ముందే ఒక గీత గీసుకున్నారు. ఆ గీతకి పొర చాలా కిందే ఉండిపోయింది, 2013లో ఆపేస్తున్నాం అని చెప్పేశారు. నాకు వాళ్ల మీద గౌరవం ఎక్కువ. అంకె ముందే రాసుకున్నారు, రానప్పుడు దాన్ని జరపలేదు. లీడర్‌షిప్ స్లైడ్‌లో ఫోటోలు, పాత కంపెనీల లోగోలు పెడతారు అందరూ, నేను వెతికేది ఆ అంకె. మీ పైలట్‌కి ఏ అంకె వస్తే ముందుకెళ్తారు, ఏ అంకె వస్తే ఆపేస్తారు, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది? టెక్నాలజీ ఎంతవరకు సిద్ధమైందో కొలిచే నాసా వాళ్ల టీఆర్‌ఎల్ స్కేల్‌లో 9 మెట్లున్నాయి, మీరు ఇప్పుడు ఐదు ఆరు మధ్యలో ఉన్నట్టున్నారు, అక్కణ్ణుంచి ఏడుకి ఎక్కించేది నడిపే మనిషే.

మీ హీట్ ఎక్స్ఛేంజర్‌కి స్కేల్ పట్టిన సంగతి దాచకండి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరిని తెస్తున్నారు, ఏ కాగితం రాసుకున్నారు, ఒక పేజీలో రాసి మీరే ముందుగా ఇవ్వండి. మేమెలాగూ లాగ్‌బుక్ అడుగుతాం, ఆ ఖాళీ గడి మాకూ కనపడుతుంది.

కమిషనింగ్‌బాబాయ్:

పైన అంతా బాగా చెప్పారు. పొరల బాబుకి ఒక్క మాట, సైంటిస్టులంటే నాకు చులకన లేదు నాయనా. కానీ ఇది కూడా చూడు, సముద్రపు నీళ్ల ఆర్‌ఓకి కరెంటు ఖర్చు ఇంత తగ్గిందంటే సగం పుణ్యం పొరలది, మిగతా సగం రిజెక్ట్‌లో వృథాగా పోయే ప్రెజర్‌ని పట్టుకుని ఫీడ్‌కి ఇచ్చేసే ప్రెజర్ ఎక్స్ఛేంజర్‌ది. సిరామిక్ రోటర్, లోపల సన్నటి గొట్టాలు, తిరిగేది అదొక్కటే, 98 శాతం దాకా వెనక్కి తెస్తుంది. అది మెకానికల్ వాళ్ల పనితనం. ఇద్దరూ ఒకే గదిలో ఉండాలనే నా గోల.

ఇంక మనిషిని ఎలా పట్టుకోవాలి అన్నది చెప్తా, ఇది ఎవరూ చెప్పరు. రెజ్యూమె చూసి మీటింగ్ రూములో కూర్చోబెట్టి మాట్లాడొద్దు. రిగ్ దగ్గరికి తీసుకెళ్లు, చేతికి పీఅండ్‌ఐడీ డ్రాయింగ్, అంటే పైపులు, వాల్వులు, మీటర్లు ఎక్కడెక్కడున్నాయో చూపించేది, ఇచ్చి గంటసేపు వదిలెయ్. పని తెలిసిన మనిషి ముందు డ్రాయింగ్‌లో ఉన్న వాల్వు అక్కడ నిజంగా ఉందా లేదా చూస్తాడు. తర్వాత డ్రెయిన్ పాయింట్ ఎక్కడ అని అడుగుతాడు. పంపు మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. మీ టెక్నీషియన్‌తో మాట్లాడతాడు, మీతో కాదు. ఆ తర్వాత నువ్వు ఒకటే అడుగు, పైవాళ్లు వద్దన్నా నువ్వు ప్లాంట్ ఆపిన రోజు గురించి చెప్పు అని. అలాంటి రోజు లేనివాడైతే ఇంకొంచెం వెతుకు. ఆ కథ చెప్తూ తేదీ, రీడింగ్, అవతలివాడు ఏమన్నాడు అన్నీ గుర్తున్నవాడైతే వదలొద్దు.

ఇంకోటి, ఆ టెక్నీషియన్‌ని లీడర్‌షిప్‌లో పెట్టమని నేననను, ఆ వయసు పిల్లాడి మీద ఆ బరువు వేయకూడదు. కానీ ప్రతి సోమవారం మీ మీటింగ్‌లో డబ్బుల లెక్క కంటే ముందు లాగ్‌బుక్ చదవండి, పైకి చదవండి, రాసినవాడి చేతే చదివించండి. పది నిమిషాలు పడుతుంది.

ఉప్పుగల్లు:

నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా. శుక్రవారం రాత్రి ముగ్గురం కూర్చున్నాం, దాదాపు ఐదు గంటలు. సీఈఓ ఫ్రెండ్ మొదటిసారి మనసులో ఉన్నది చెప్పాడు, తనని తీసేస్తారేమోనన్న భయంతోనే ఆ కస్టమర్ డేట్ పట్టుకుని వేలాడానని, రిగ్ నడుస్తూ కనిపిస్తే ఇన్వెస్టర్లు తన జోలికి రారనుకున్నానని. నాకు ఈ సంగతి ఆరోజే తెలిసుంటే నేను అలా సర్దిచెప్పి వెళ్లేవాణ్ణి కాదు. ఇప్పటికి ఆయనే సీఈఓ, ఆపరేషన్స్ హెడ్ కోసం వెతుకుతున్నాం, ముగ్గురం మా వాటాల్లోంచి సమానంగా తీసి ఆ మనిషికి పక్కన పెట్టాం, వెస్టింగ్ కూడా మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నాం. ఇన్వెస్టర్లకి ఒక పేజీ పంపాం, స్కేల్ కథతో సహా, ఇంకా జవాబు రాలేదు.

అర పేజీ కాగితం ఒకటి రాసి రిగ్ పక్కన అతికించాం. డీపీ 0.6 దాటినా, వేడి నీళ్లు 80 డిగ్రీలు దాటినా, ఎక్కడైనా లీక్ కనపడినా, లేదా ఏదో తేడాగా ఉందని అనిపించినా సరే, డ్యూటీలో ఉన్నవాళ్లు ఎవర్నీ అడక్కుండా ఆపేయొచ్చు. మొదటి సంతకం టెక్నీషియన్ చేత పెట్టించాం.

ఎక్స్ఛేంజర్‌ని సిట్రిక్ యాసిడ్‌తో రెండుసార్లు కడిగాం గానీ డీపీ ఇంకా 0.9 దగ్గరే ఉంది, మూడోసారి కడిగి సోమవారం స్టార్ట్ చేద్దామనుకుంటున్నాం.

కమిషనింగ్‌బాబాయ్:

కాగితం బాగుంది. అందులో ఒకటి మర్చిపోయారు, ఆపడం ఎవరైనా చేయొచ్చు, మళ్లీ స్టార్ట్ చేయడం మాత్రం ఒక్కరి సంతకంతోనే జరగాలి, కొత్త మనిషి వచ్చేదాకా ఆ సంతకం నీదే. రాయి.

ఇంక ఆ మూడో కడుగుడు ఆపు. మీకు పట్టింది కాల్షియం సల్ఫేట్ అయితే సిట్రిక్ ఎన్నిసార్లు పోసినా కదలదు, యాసిడ్‌కి లొంగేది కార్బొనేట్. ఎక్స్ఛేంజర్ విప్పి ఒక ప్లేట్ తీసి స్కేల్ కొంచెం గీకి, ఆ పొడి మీద చుక్క యాసిడ్ వేసి చూడు. బుసబుసమని నురగ వస్తే కార్బొనేట్, రాకపోతే సల్ఫేట్ అనుకో, అప్పుడు కాల్షియాన్ని పట్టుకుని కరిగించే ఈడీటీఏ అనే కెమికల్ కలిపి, పీహెచ్ 10 పైన పెట్టి, కాస్త వేడిగా గంటల తరబడి తిప్పాలి. ముందు గాస్కెట్ ఏ రబ్బరో చూసుకో, ఆ పీహెచ్‌కి, ఆ వేడికి తట్టుకుంటుందో లేదో సప్లయర్‌ని అడుగు. మీ సైంటిస్ట్‌ని కూడా పిలువు, ఆ చుక్క ఆవిడ చేతే వేయించు. 0.4కి దిగకుండా సోమవారం స్టార్ట్ చేయొద్దు.